గడువుండగానే

మనది కాని ఇంటికీ, నేలకీ మన భాషలో ఎన్ని మాటలో చూడండి. నెలనెలా డబ్బిచ్చి వుండేది బాడుగ. కోస్తావాళ్ళు దాన్నే అద్దె అంటారు. పొలమైతే గుత్త, కృష్ణా, గుంటూరు వైపు అదే కౌలు. పెద్ద మొత్తం ఒక్కసారిగా ఇంటివాళ్ళ చేతిలో పోసి, నెల బాడుగ లేకుండా కాపురం చేసి, ఖాళీ చేసేనాడు ఆ మొత్తం మళ్ళీ లెక్కపెట్టి తీసుకునేది భోగ్యం. ఆ మాట పాతబడిపోయి మావాళ్ళిప్పుడు దాన్ని లీజు అంటున్నారు. పేరు ఏదయినా అన్నిటికీ చివర ఒక తోక వుంటుంది. ఆ తోక పేరే గడువు.

గడువంటే ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. చీటీ కట్టటానికి గడువు, పిల్లల ఫీజుకు గడువు, కరెంటు బిల్లుకు గడువు, కుదువపెట్టిన గొలుసు విడిపించుకోవటానికి గడువు. ఏ తేదీ ఎప్పుడొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. కానీ ఇంటి కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "అవన్నీ ఆయన చూసుకుంటారు లెండి" అనేస్తాం. ఆ కాగితంలో ఏముందో, ఎవరి పేరుందో, ఎన్నాళ్ళకుందో మనలో ఎంతమంది చదివి చూసివుంటాం?

నేను చెప్పబోయేది లండన్‌లో వున్న ఒక ఫ్లాటు గడువు గురించి. ఫ్లాటు లండన్‌లోదే గానీ, దాని పంచాయితీ జరిగింది ఆళ్ళగడ్డలో. తీర్పు చెప్పింది నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చిన మా పెద్దమ్మ.

మా అన్నది ఆళ్ళగడ్డ. కూతురు పెళ్ళయి లండన్ వెళ్ళింది. 2017లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, బ్యాంకులో అప్పు తీసుకుని రెండు గదుల ఫ్లాటు కొనుక్కున్నారు. తర్వాత వాళ్ళిద్దరికీ పొసగలేదు. ఎందుకు పొసగలేదన్నది ఇక్కడ అనవసరం. విడిపోయేటప్పుడు అతని వాటా డబ్బు ముక్కలు ముక్కలుగా కట్టి, ఫ్లాటు తన పేరుకు రాయించుకుంది పిల్ల. ఇప్పుడు ఆ ఇంట్లో తనూ, ఆరేళ్ళ కూతురూ వుంటారు.

పోయిన ఏడాది, అంటే 2025లో, ఒకరోజు నాకు ఫోన్ చేసింది. "అత్తా, మా ఫ్లాటుకు లీజు పొడిగించుకోవాల. నాయనను సగం డబ్బు బదులు అడిగితే నవ్వుతాండాడు. నువ్వన్నా చెప్పు" అంది.

"కొనుక్కున్న ఇంటికి లీజేమిటే?" అన్నాను. మీరూ ఇదే అడుగుతారని తెలుసు. అందుకని ఆ పిల్ల నాకు చెప్పింది మీకూ చెబుతాను.

ఇంగ్లండులో ఫ్లాటు కొనటం అంటే, చాలావరకు, ఇన్ని సంవత్సరాలు అందులో వుండే హక్కు కొనటమే. భవనమూ, దాని కింది నేలా ఇంకొకరివి. ఆయన్ని ఫ్రీహోల్డరంటారు. కొన్నవాళ్ళు లీజుదార్లు. లీజు 99 ఏళ్ళు కావచ్చు, 125 కావచ్చు, కొన్నిటికి 999 కూడా వుంటుంది. ఆ గడువు తీరిందంటే, లక్షల పౌండ్లు పోసి కొన్న ఫ్లాటు తిరిగి నేలగలాయనకు చెందుతుంది. ఈ పద్ధతిలో వున్న ఇళ్ళు ఒక్క ఇంగ్లండులోనే దాదాపు 50 లక్షలట. పక్కనే వున్న స్కాట్లండులో ఫ్లాటు కొంటే సొంతానికే కొన్నట్టు. ఒకే రాజు కింద రెండు ధర్మాలన్నమాట.

మనకు ఇది మరీ వింతగా తోచనక్కరలేదు. ఢిల్లీ పక్కన నోయిడాలో ఫ్లాట్లకు 90 ఏళ్ళ లీజే. ఢిల్లీలో డి.డి.ఎ. కట్టిన ఫ్లాట్లు లీజువి అయితే, రుసుము కట్టి పూర్తి సొంతానికి మార్చుకునే వీలు 1992 నుంచి మొదలైంది. మన తెలుగునాట ఫ్లాటు కొంటే నేలలో కూడా గజాల లెక్కన వాటా రాసిస్తారు గనక ఈ బాధ మనకు పెద్దగా తెలియదు.

మా మేనకోడలి భవనానికి 99 ఏళ్ళ లీజు 2008లో మొదలైంది. వాళ్ళు కొనేనాటికి 90 మిగిలాయి. ఫోన్ చేసేనాటికి 82.

"82 ఏళ్ళా? దానికిప్పుడు 32. కలిపితే 114. అంతవరకూ బతికి ఏం చేస్తాదంట?" అన్నాడు మా అన్న, నేను మాట కదపగానే. నవ్వింది నిజమే. నవ్వు రాకుండా ఎట్లా వుంటుంది? పదకొండు నెలల బాడుగ కాగితాలు రాసుకునే మనకు 82 ఏళ్ళంటే మూడు తరాల మాట.

కానీ ఇంటి గడువు మనిషి ఆయుష్షుతో కొలిచేది కాదు. అమ్మబోతే కొనేవాడు అడుగుతాడు, ఎన్నేళ్ళు మిగిలాయని. వాడికి అప్పిచ్చే బ్యాంకు ఇంకా గట్టిగా అడుగుతుంది. ఏళ్ళు తరుగుతున్నకొద్దీ బ్యాంకులు వెనకాడతాయి, అప్పు పుట్టని ఇంటికి కొనేవాళ్ళు తగ్గుతారు, ధర పడిపోతుంది. మంచుగడ్డ అమ్ముకునేవాడికి మిట్టమధ్యాహ్నం ఎట్లాంటిదో, లీజు ఇంటికి కాలం అట్లాంటిది. పైకి ఏమీ కనిపించదు. గోడలు అవే, కిటికీలు అవే. లోపల మాత్రం కరిగిపోతూ వుంటుంది.

అందులోనూ 80 అనే అంకె దగ్గర ఒక గుంట వుంది. 1993లో ఆ దేశంలో వచ్చిన చట్టం ప్రకారం లీజుదారు నోటీసిచ్చి, వున్న గడువు మీద ఇంకో 90 ఏళ్ళు కలపమని అడగవచ్చు. నేలగలాయన కాదనటానికి సాధారణంగా వీల్లేదు. ధర మాత్రం పుచ్చుకుంటాడు. ఆ ధరలో ఏమేముంటాయంటే, ఇకమీదట పోగొట్టుకునే నేలబాడుగకు ఇంత, ఫ్లాటు తన చేతికి రావటం ఇంకో 90 ఏళ్ళు వెనక్కి పోయినందుకు ఇంత. 80 ఏళ్ళకంటే తక్కువ మిగిలి వుంటే వీటికి తోడు మూడోది ఒకటి వచ్చి చేరుతుంది. దాని పేరు వింటే మీరు నవ్వుతారు. "మ్యారేజ్ వాల్యూ." పెళ్ళి విలువ!

లెక్క కోసం చెబుతాను, ఇవి నిజం ధరలు కావు. గడువు తగ్గిన ఫ్లాటు 2,80,000 పౌండ్లు చేస్తుందనుకోండి. అందులో నేలగలాయన హక్కు 8,000 చేస్తుందనుకోండి. రెండూ విడివిడిగా 2,88,000. గడువు పొడిగిస్తే అదే ఫ్లాటు 3,00,000 చేస్తుందనుకోండి. ఆ పైన వచ్చిన 12,000 ఎక్కడిది? ఇద్దరి హక్కులూ కలవటం వల్ల పుట్టింది. ఇద్దరూ కలిస్తే ఇల్లు కళకళలాడుతుందని మనం అనుకుంటామే, అట్లాంటిదన్నమాట. అందుకే దానికి పెళ్ళి విలువ అని పేరు. అందులో సగం, అంటే 6,000, నేలగలాయనకు ఇవ్వాలి. 80 ఏళ్ళు దాటి మిగిలివుంటే ఈ పద్దు లెక్కలోకే రాదు. సగమనీ, 80 అనీ 2002లో వచ్చిన చట్టం గీత గీసింది.

"అంటే ఏమిటన్నమాట? ఆ పెళ్ళిలో కూడా కట్నం ఒకవైపు వాళ్ళే ఇచ్చుకోవాలా?" అన్నాను మేనకోడలితో. "అదే గదత్తా, యాడికి పోయినా మనకు ఇదే" అంది. కడుపులో ఎంత బరువున్నా నవ్వగలిగిన పిల్ల అది.

ఇంకో తమాషా కూడా వుంది. గడువు అట్లా పొడిగించుకున్న తర్వాత ఏటా కట్టే నేలబాడుగ ఎంతో తెలుసునా? ఒక్క మిరియపు గింజ! చట్టంలో అట్లాగే వుంటుంది. అదీ అడిగితేనే ఇవ్వాలి, ఎవరూ అడగరు. చారులోకి కూడా చాలని ఆ ఒక్క గింజ ఎందుకంటే, ఊరికే ఇచ్చినట్టు కాకూడదని. మనం కూడా కొన్ని వస్తువులు ఊరికే ఇస్తే అచ్చిరావని ఒక రూపాయి చేతిలో పెట్టించుకోమూ? అదన్నమాట.

అసలు చిక్కేమిటంటే, 82 వున్నది రెండేళ్ళు చూస్తూ కూర్చుంటే 80 కిందికి దిగుతుంది. నోటీసిచ్చిన రోజున ఎన్నేళ్ళు మిగిలివుంటే ఆ లెక్కనే ధర కడతారు. కాబట్టి ముందుగా నోటీసిస్తే బేరం ఎన్నాళ్ళు సాగినా పెళ్ళి విలువ పడదు. పైగా, ఫ్లాటు పేరు మారి రెండేళ్ళయితే గానీ నోటీసివ్వకూడదన్న పాత నిబంధన 2025 జనవరి 31న ఎత్తేశారు. ధరా, తన లాయరు ఖర్చూ, అవతలివాళ్ళ లాయరు ఖర్చూ అన్నీ కలిపి మన రూపాయల్లో పదమూడు పద్నాలుగు లక్షలు అవుతుందని అంచనా. సగం ఆ పిల్ల కూడబెట్టుకుంది. సగానికి తండ్రిని అడిగింది.

మా అన్న దగ్గర డబ్బు లేక కాదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయింది. దాంతో అక్కడ స్థలం కొనాలని ఆయనకు ఆశ పుట్టింది. దాచిన డబ్బు దానికోసం పెట్టుకున్నాడు. "నాలుగు సెంట్లు కొంటే కంటికి కనపడతాది. కాగితం మీద ఏండ్లు కొనటం ఏంది పాపా?" అన్నాడు నాతో.

ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం కొట్టెయ్యటానికి వీల్లేనిది. 2024 మే 24న ఆ దేశంలో ఇంకో చట్టం వచ్చింది. అది పూర్తిగా అమలయితే 90కి బదులు 990 ఏళ్ళకు పొడిగింపు వస్తుంది. పెళ్ళి విలువ అనేదే వుండదు. దానిమీద నేలగలవాళ్ళు కోర్టుకెక్కారు. 2025 అక్టోబరులో లండన్ హైకోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. అయినా ఆ ఏడాది గడిచేసరికి ఈ రెండు మార్పులూ అమల్లోకి రాలేదు. "చట్టమే వస్తాంటే ఇప్పుడు తొందరెందుకు? ఆగితే చౌకగా అయిపోతాది గదా?" అన్నాడు అన్న. లెక్కలు తెలిసిన మనిషి. నాకు సమాధానం దొరకలేదు.

అయితే నాకొకటి అర్థమైంది. ఆయన బాధ లీజు గురించి కాదు. కూతురు అంత దూరంలో, మొగుడు లేకుండా, పసిదాన్ని పెట్టుకుని బతకటం ఆయనకు మనసొప్పదు. గడువు పొడిగించటానికి డబ్బిస్తే, అది అక్కడే వుండిపోవటానికి తన చేత్తో తనే రాసిచ్చినట్టు అవుతుంది. "నువ్వొచ్చెయ్. నీ ఇల్లు ఈడ వుండనే వుండాది గదా" అంటాడు ఫోన్ చేసినప్పుడల్లా. ఆ పిల్ల మౌనంగా వింటుంది.

ఇక మా పెద్దమ్మ సంగతి.

పెదనాన్న చనిపోయేనాటికి ఆమెకు సొంత ఇల్లు లేదు. పిల్లలూ లేరు. ఆయన ఉద్యోగం తాలూకు వచ్చిన డబ్బు ఒక్కటే ఆధారం. బంధువులు తలా ఒక సలహా చెప్పారు. వడ్డీకి తిప్పమని ఒకరు, తమ దగ్గర పెట్టి తమ ఇంట్లో వుండమని ఇంకొకరు. ఆమె అందరి మాటా విని, నంద్యాలలో మూడేళ్ళకు ఒక ఇల్లు భోగ్యానికి పట్టింది. అట్లా నాలుగిళ్ళు మారింది. పాతికేళ్ళయింది. ఒక్కనెల బాడుగ కట్టలేదు. మొత్తం పెంచాల్సి వచ్చినప్పుడు చిట్టీ ఎత్తి కలిపింది. బీరువాలో చీరల అడుగున గుడ్డసంచి, గుడ్డసంచిలో కాగితాలు.

ఆమె చదువు ఐదో తరగతి. కానీ ఆమె పద్ధతి చూస్తే ఏ లాయరయినా మెచ్చుకుంటాడు. గోడ క్యాలెండరులో గడువు తీరే తేదీ దగ్గర కాదు, దానికి ఆరు నెలల ముందు తేదీ దగ్గర ఎర్రసిరాతో ఒక చుక్క పెడుతుంది. ఆ రోజున తలంటుకుని, నాలుగు అరటిపళ్ళు పట్టుకుని ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మళ్ళా మూడేండ్లకు రాసుకుందామా, లేదంటే డబ్బు తయారు చేసుకుంటారా?" అని అడుగుతుంది. ఆరు నెలలు మిగిలి వుండగా అడిగితే, ఇద్దరికీ పీట సమానంగా వుంటుందంటుంది. గడువు తీరినాక అడిగితే అడుక్కున్నట్టు వుంటుందంటుంది.

ఒకసారి ఇంటాయన పోయాడు. కొడుకులు వచ్చి, "మాకు తెలీదు, మా నాయన తీసుకున్నాడు, మేం తీసుకోలేదు. ఖాళీ చెయ్" అన్నారు. పెద్దమ్మ గొంతెత్తలేదు. సంచిలోంచి రిజిస్ట్రేషన్ అయిన కాగితం తీసి చూపించింది. మొదటిసారి ఇల్లు పట్టినప్పుడు ఆ దస్తావేజులు రాసే ఆయన చెప్పాడట, "ఉత్త స్టాంపు కాగితం మీద రాసుకుంటే నమ్మకం వున్నన్నాళ్ళే పనికొస్తాదమ్మా, రిజిస్టరు చేయించుకో" అని. నెల బాడుగ లేకుండా డబ్బుకు బదులు ఇల్లు అనుభవించే ఈ భోగ్యం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం లెక్కలో ఒక రకం తనఖా. మొత్తం తిరిగి ముట్టేదాకా ఇంట్లో వుండే హక్కు వుంటుంది. కానీ దానికి రిజిస్ట్రేషన్ వుండితీరాలి. పెద్దమ్మకు సెక్షన్లు తెలియవు. డబ్బు చేతిలో పడేదాకా తాళంచెవి ఇవ్వకూడదని తెలుసు. నాలుగు నెలలకు డబ్బు వచ్చింది. ఆరోజు ఇల్లు కడిగి ముగ్గేసి మరీ తాళంచెవి ఇచ్చి వచ్చింది.

మా వంశంలో గడువుల మీద పాతికేళ్ళు బతికిన మనిషి ఆమె ఒక్కతే. అందుకని నేనే నంద్యాల వెళ్ళి ఆమెకు సంగతంతా చెప్పాను. సగం చెప్పేసరికే ఆమెకు అర్థమయిపోయింది. "80కి దిగకముందే అడగల్లన్నమాట. అంతేగదా?" అంది. మా అన్నకూ నాకూ వారం పట్టిన విషయం! మర్నాడు ఇద్దరం బస్సెక్కాం. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ సుమారు నలభై కిలోమీటర్లు. దారి పొడుగునా ఆమె ఒక్కమాట మాట్లాడలేదు.

భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నాం. ఆళ్ళగడ్డ శిల్పులకు పేరున్న ఊరు గదా. దగ్గర్లో రాయి చెక్కుతున్న చప్పుడు వినిపిస్తూనే వుంది. అన్న తన వాదనంతా మళ్ళీ చెప్పాడు. 114 ఏళ్ళ లెక్క చెప్పాడు. కొత్త చట్టం సంగతి చెప్పాడు. "99 ఏండ్లనేది ఎవరు చూసొచ్చినారు పెద్దమ్మా?" అని నవ్వాడు.

చూసినవాళ్ళు లేకేం, అన్నాన్నేను. హాంకాంగ్ పక్కనున్న నేలను బ్రిటిషువాళ్ళు చైనా దగ్గర 99 ఏళ్ళ లీజుకు తీసుకున్నది 1898లో. ఆనాడు సంతకం పెట్టినవాళ్ళకు 1997 అనేది రానే రాదనిపించి వుంటుంది. వచ్చింది. ఆ ఏడు లీజు నేలతో పాటు మొత్తం హాంకాంగే అప్పగించి వెళ్ళారు. చక్రవర్తులకే తప్పని గడువు మన పిల్లకు తప్పుతుందా?

పెద్దమ్మకు హాంకాంగ్‌తో పనిలేదు. "ఒరే నాయనా, నీ చేను గుత్తకిచ్చినావు గదా, ఎన్ని దినాలకు రాసిస్తావు?" అంది.

"పదకొండు నెలలు."

"ఏడాదికి రాసీమంటే?"

"యాడన్నా వుందా? హక్కు వాళ్ళదంటే ఏం చేసేది?"

నిజానికి మన రాష్ట్రంలో 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టం కూడా పదకొండు నెలల కాగితమే పెట్టింది, అదీ భూమిగలాయన ఒప్పుకుంటేనే. ఆ భయం పోగొట్టటానికే ఆ ఏర్పాటు. ఇళ్ళ బాడుగ కాగితాలూ పదకొండు నెలలకే రాసుకుంటాం.

"మరి ఇచ్చినోనివి నీకే అంత భయముంటే, ఆ దొరకు వుండదా? వాడు కూడా నీమాదిరే ఏండ్లు లెక్కబెట్టుకుంటాంటాడు, ఎప్పుడు 80కి దిగుతాదా అని. పిల్ల అడిగేది సొమ్ములు చేయించమని కాదు. నీడ జారిపోకుండా పట్టుకుంటానంటాంది" అంది పెద్దమ్మ.

"కొత్త చట్టం వస్తాంది గదా" అన్నాడు అన్న.

"రానీ. వస్తే సంతోషమే. మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకుంటారా ఎవురైనా?"

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పాత మాటే అన్నాడు, ఈసారి నెమ్మదిగా. "అదట్లా కాదు పెద్దమ్మా. అది వచ్చేస్తే బాగుంటాది. దాని ఇల్లు ఈడ వుండాది గదా."

పెద్దమ్మ ఇల్లంతా ఒకసారి కలియజూసింది. అన్న కట్టించిన ఇల్లు. కొడుకు పెళ్ళినాడే కొడుకు పేరున రాసేశాడు. స్వార్జితం కనక ఎవరికి రాసినా అడిగేవాళ్ళు లేరు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. కానీ చట్టమిచ్చే వాటా ఒకటి, తండ్రి మనసులోని ఏర్పాటు ఒకటి. ఆ రెంటి మధ్యే మన ఆడపిల్లలు సూట్‌కేసు పట్టుకుని వచ్చి పోతూ వుంటారు.

"ఈ ఇంట్లో దాని గడువెంతరా?" అని అడిగింది పెద్దమ్మ.

కోపంగా అడగలేదు. భోగ్యానికి ఇల్లు చూడబోయినప్పుడు ఎట్లా అడుగుతుందో అట్లా అడిగింది. వదిన వంటింటి గడప దగ్గర నిలబడి వుంది. ఆమె చేతిలో వున్న గ్లాసు అట్లాగే వుండిపోయింది. ఆ ప్రశ్న మా అన్ననే అడిగినట్టు లేదు. ఆ వసారాలో వున్న ముగ్గురు ఆడవాళ్ళనూ అడిగినట్టుంది. పుట్టింట్లో మన గడువు పెళ్ళిదాకా. అత్తింట్లో గడువు సర్దుకుపోయినన్నాళ్ళు. కొడుకింట్లో గడువు చేతులాడినన్నాళ్ళు. ఏ కాగితం మీదా రాసివుండదు గానీ అందరికీ తెలుసు.

పూర్వం రాజులు దానమిచ్చేటప్పుడు రాతిమీద చెక్కించేవారు, ఆచంద్రార్కం అని. సూర్యచంద్రులున్నంతకాలం చెల్లుతుందని. బయట ఉలి చప్పుడు వింటూ నాకు అదే గుర్తొచ్చింది. అట్లాంటి రాయి ఏ ఆడదాని పేరునయినా ఒకటి చెక్కించి వుంటే బాగుండుననిపించింది. మా మేనకోడలు అడుగుతున్నది సూర్యచంద్రుల్ని కాదు. ఇంకో 90 ఏళ్ళు. వున్న 82తో కలిపితే 172.

అన్న చాలాసేపటికి, "సరే పంపిస్తాలే" అన్నాడు. వెంటనే, "బదులుగానే సుమా" అని కూడా అన్నాడు. ఆ మాటా అనకపోతే ఆయన మా అన్నే కాదు. పెద్దమ్మ తలూపింది. "బదులయితే బదులే. ఎప్పుడు ఇస్తాదో ఎంత ఇస్తాదో రాసుకోండి ఇద్దరూ. నాయనా బిడ్డా అని ఊరుకుంటే రేపు పిల్లోడు అడుగుతాడు" అంది. వదిన మాత్రం ఆ రాత్రి నన్ను పక్కకు పిలిచి, తన పేరున వున్న డిపాజిట్ రసీదు చూపించి, "ఇది తీరే తేదీ ఎప్పుడో చూసి చెప్పు పాపా" అంది. పదేళ్ళుగా బీరువాలో వున్న రసీదు. ఆమె తేదీ అడగటం అదే మొదటిసారి.

లండన్‌లో నోటీసు వెళ్ళింది. బదులు చెప్పటానికి నేలగలాయనకు కనీసం రెండు నెలలు వ్యవధి ఇవ్వాలి. ఆయన తరపు జవాబు వచ్చింది; ఎక్కువ ధర అడిగారు. బేరం నడుస్తోంది. తెగకపోతే ట్రిబ్యునలుకు వెళ్ళే దారి వుంది. ఏది ఎట్లా తెగినా నోటీసు వెళ్ళిననాటి లెక్కే గనక 82 మాత్రం 82గానే వుంటుంది. పెళ్ళి విలువ పడదు. మా మేనకోడలు ఫోన్‌లో, "ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడతాందత్తా" అంది. అన్న ఇంకా నంద్యాలలో స్థలాలు చూస్తూనే వున్నాడు. చిన్నవి చూస్తున్నాడు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, లండన్‌లో ఫ్లాటు మనందరికీ వుండదు. కానీ ఏదో ఒక కాగితం ప్రతి ఇంట్లోనూ వుంటుంది. బాడుగదో, భోగ్యానిదో, డిపాజిట్‌దో, ఇంటి అప్పుదో. పిల్లలు బడికీ, ఆయన ఆఫీసుకూ వెళ్ళాక, ఒక మధ్యాహ్నం పూట అది తీసి చదవండి. అర్థం కాకపోతే అర్థమయ్యేవాళ్ళ చేత చదివించుకోండి. మూడే ప్రశ్నలు: ఎవరి పేరున వుంది? రిజిస్టరు అయిందా? గడువెప్పుడు?

మూడోదానికి జవాబు దొరగ్గానే గోడమీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళండి. ఆ తేదీ దగ్గర కాదు, దానికి ఆరు నెలల ముందు, పాలలెక్క పక్కనే కాస్త చోటు చూసి, ఎర్రసిరాతో ఒక చుక్క పెట్టుకోండి.